మంచి టెక్నికల్ లీడ్ కావాలంటే కోడ్ బాగా రాస్తే సరిపోతుందా?

కోడ్ తెలియకుండా, టీమ్ సాంకేతిక పనిని నడిపించే లీడ్‌గా నెగ్గుకురావడం కష్టమే. కానీ కోడ్ బాగా రాసేవాళ్లలో చాలామంది లీడ్ అయ్యాక ఒకేచోట తడబడతారు: పనులన్నీ తమ దగ్గరికి వచ్చి ఆగిపోతుంటాయి. రివ్యూకి (రాసిన కోడ్‌ను ఇంకొకరు చదివి సరిచూడటం), డిజైన్ నిర్ణయానికి, ప్రొడక్షన్ (జనం వాడే అసలు సిస్టమ్) యాక్సెస్‌కి అందరూ ఒక్కరి కోసమే ఎదురుచూస్తుంటే, ఆ ఒక్కరికి తీరిక దొరికినప్పుడే టీమ్ కదులుతుంది.

అందుకే ముందుగా ఏ పని తీసుకుంటున్నారో చూసుకోండి. రిలీజ్‌కి కీలకమైన ఫీచర్‌ను లీడ్ తన మీద వేసుకోకూడదు. మీటింగుల మధ్య 2 రోజుల పనికి వారం పడుతుంది, దాని కోసం మిగతావాళ్లు ఖాళీగా కూర్చోవాలి. ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యే టెస్టులు, నెమ్మదిగా నడిచే బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేయడం), డిప్లాయ్ (కొత్త కోడ్‌ను సర్వర్లలో పెట్టడం) స్క్రిప్టులు లాంటివి తీసుకోండి. ఆలస్యమైనా ఎవరి పనీ ఆగదు, పూర్తయితే అందరికీ లాభం. అలాగని కోడ్ రాయడం పూర్తిగా మానేస్తే, కొన్నాళ్లకు మీరిచ్చే ఎస్టిమేట్లు నేల విడిచిన సామే.

లీడ్ పనితనం అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది కోడ్ రివ్యూలో. మర్నాటికల్లా మొదటి స్పందన ఇచ్చేయాలి. 1000 లైన్ల పుల్ రిక్వెస్ట్ (తన మార్పులను అసలు కోడ్‌లో కలపమని పంపే అభ్యర్థన) వస్తే ఎవరైనా పైపైన చూసి అప్రూవ్ చేసేస్తారు. 200, 300 లైన్లయితే నిజంగా చదువుతారు. ‘చిన్నచిన్నగా పంపండి’ అంటే చాలదు, ఎలా విడగొట్టాలో చూపించాలి. ఉదాహరణకు డేటాబేస్‌లో ఒక కాలమ్ పేరు మార్చాలనుకోండి. ఒకే దెబ్బకి మార్చేస్తే, డిప్లాయ్ జరుగుతున్నంతసేపూ కొన్ని సర్వర్లలో ఇంకా పాత కోడే నడుస్తుంటుంది కాబట్టి, ఆ పాత కోడ్ ఇప్పుడు లేని పాత పేరు కోసం వెతికి ఎర్రర్లు ఇస్తుంది. ముందు కొత్త కాలమ్ చేర్చాలి. తర్వాత రెండింటిలోనూ రాయాలి, పాత రికార్డులకు కొత్త కాలమ్ నింపాలి, చదవడం కొత్తదాని నుంచి మొదలుపెట్టాలి. పాతదానిలో రాయడం ఆపాకే దాన్ని తీసేయాలి. ఇవన్నీ వేర్వేరు డిప్లాయ్‌లు. తీసేసే ఆ చివరి మెట్టు తప్ప, ఎక్కడ తేడా కొట్టినా ఒక్క అడుగు వెనక్కి వేస్తే సరి.

స్పేసులు, బ్రాకెట్ల గొడవ ఫార్మాటర్‌కి (కోడ్‌ను ఒకే తీరులో సర్దే టూల్) వదిలేయండి. మీ కామెంట్లలో ఏది తప్పనిసరో, ఏది సూచనో రాయండి; లేకపోతే లీడ్ అన్న ప్రతి మాటా ఆజ్ఞ అయి కూర్చుంటుంది. జూనియర్ కోడ్ నచ్చలేదని రాత్రికి రాత్రి మీరే తిరగరాయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. వాళ్లకి నేర్చుకునే అవకాశం పోతుంది, ఎలాగూ లీడ్ సరిచేస్తారని తర్వాతి పని సగంలోనే వస్తుంది.

సులువుగా వెనక్కి తీసుకోగల నిర్ణయాలు ఆ పని చేసేవాళ్లకే వదలండి. డేటా మోడల్, బయటివాళ్లు వాడే ఏపీఐ (వేరే ప్రోగ్రాములు మన సిస్టమ్‌తో మాట్లాడే దారి), లాగిన్ భద్రత లాంటి వాటిలో తప్పక కూర్చోండి. సమస్య ఏమిటి, ఏయే దారులు చూశాం, దీన్నే ఎందుకు ఎంచుకున్నాం అన్నది ఒక పేజీలో రాసి, కోడ్ దాచే రిపోజిటరీలోనే పెడితే, ఏడాది తర్వాత అదే చర్చ మళ్లీ మొదలవదు.

గడువు దాటిపోయేలా ఉంటే మనుషుల్ని పెంచమనే సలహా వస్తుంది. కానీ మనుషులు పెరిగేకొద్దీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిందీ పెరుగుతుంది: 5 మందిలో ఇద్దరిద్దరి మధ్య సంబంధాలు 10, 8 మంది అయితే 28. పైగా కొత్తవాళ్లకు నేర్పాల్సింది ఇప్పటికే సతమతమవుతున్నవాళ్లే. దానికన్నా ఏ ఫీచర్ వదిలేయాలో చెప్పి, మేనేజర్‌కి ముందే తెలపడం మేలు.

ప్రొడక్షన్‌లో ఏదైనా విరిగితే ముందు రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి తిరిగి వెళ్లడం), కారణం తర్వాత. ‘ఎవరు చేశారు’ అని అడిగే టీమ్‌లో తర్వాతి తప్పు ఆలస్యంగా బయటికొస్తుంది. ‘ఇది టెస్టులకు ఎందుకు దొరకలేదు’ అని అడగండి. రిలీజ్‌ను ప్రతిసారీ వేరొకరితో, రాసిపెట్టిన స్టెప్పులు మాత్రమే చూసి చేయించండి. వాళ్లు ఎక్కడ ఆగి మిమ్మల్ని అడిగారో అక్కడ ఆ రాతలో లోపం ఉన్నట్టు, దాన్ని ఆ రోజే దిద్దాలి.