సెంటర్ స్టాండుకు చేతి బలం కాదు, ఒంటి బరువు కావాలి

అన్నగారూ, 250 కిలోల టూరింగ్ బండిని సెంటర్ స్టాండు ఎక్కించబోతే నడుము పట్టేస్తోందని రాశారు. చేతులతో పైకి లాగుతున్నందువల్లనే ఆ బాధ కలుగుతోందని నా అభిప్రాయం. బండిని న్యూట్రల్‌లో ఉంచి, ఎడమ పక్కన నిలబడి, ఎడమ చేత్తో హ్యాండిల్‌ను, కుడి చేత్తో వెనుక పట్టును పట్టుకొని, స్టాండు కాళ్లు రెండూ నేలకు సమంగా ఆనేదాకా కుడి పాదంతో స్టాండును మెల్లగా కిందికి నొక్కి, ఆ తరువాత ఒంటి బరువంతా ఆ పాదం మీదనే మోపి నిటారుగా లేవండి. బండి వెనక్కి దొర్లుతూ పైకెక్కుతుంది కనుక బ్రేకు పట్టకూడదు. సైడ్ స్టాండు దించే ఉంచితే, పట్టు తప్పినా బండి మీ వైపు పూర్తిగా పడిపోదు. ఇంకా కష్టమనిపిస్తే పక్క పెట్టెలు తీసివేసి, వెనుక చక్రాన్ని పలచని చెక్క మీదికి ఎక్కించండి. అలిపిరి దగ్గర వాలుగా ఉన్న చోట మాత్రం దయచేసి ప్రయత్నించకండి. అక్కడ మొదటి గేరులో ఉంచి సైడ్ స్టాండు వేయడమే క్షేమం.