ఆర్మీలో చేరితే బేస్‌బాల్ చూడటం కుదురుతుందా?

"అమెరికన్ ఆర్మీలో చేరుతున్నాను, బేస్‌బాల్ పిచ్చి ఉంది, సీజన్ మిస్సవుతానా?" అని అడిగారు. మిస్సవుతారు. అయినా ఏం ఫర్వాలేదు, నా సంగతి వినండి.

నేను పుట్టింది తెనాలిలో. పదమూడేళ్ళప్పుడు నాన్న ఉద్యోగం వల్ల కాన్సాస్ సిటీ పక్కన ఓవర్‌లాండ్ పార్క్‌కి వచ్చి పడ్డాం. స్కూల్లో క్రికెట్ ఊసెత్తేవాడే లేడు, దొరికిందే మహాప్రసాదం అనుకుని ఆ ఊరి బేస్‌బాల్ జట్టు రాయల్స్‌ని పట్టుకున్నాను. 1985 తర్వాత 29 ఏళ్ళు ప్లేఆఫ్స్ (సీజన్ చివర్లో జరిగే నాకౌట్ పోటీలు) మొహం చూడని జట్టు అది. నాన్న ఇప్పటికీ "అన్నీ ఫుల్‌టాస్‌లే కదరా, అవి కూడా తగలవేంట్రా వీళ్ళకి" అంటాడు.

సరే, 2014లో ఆ జట్టు ప్లేఆఫ్స్‌లో మొదటిదైన వైల్డ్ కార్డ్ మ్యాచ్‌కి (ఓడితే ఇంటికే) చేరేసరికి నేను కొరియాలో, డోంగ్‌డుచొన్‌లోని అమెరికన్ ఆర్మీ స్థావరం క్యాంప్ కేసీలో హంవీలు (ఆర్మీ జీపులు) రిపేర్ చేస్తున్నాను. సెప్టెంబర్ 30 సాయంత్రం ఏడింటికి కాన్సాస్ సిటీలో ఓక్లండ్ జట్టుతో మ్యాచ్ అంటే మాకు అక్టోబర్ 1 ఉదయం తొమ్మిది, అంటే డ్యూటీ టైమ్. నా పక్కన పనిచేసే కుర్రాడు కటూసా, అంటే మా యూనిట్‌లోనే తన నిర్బంధ సైనిక సర్వీస్ చేసే కొరియా సైనికుడు, అక్కడి బేస్‌బాల్ జట్టు దూసాన్ బేర్స్ వీరాభిమాని. ఆ రోజు వాడు మంచి మంట మీద ఉన్నాడు. మూడు రోజుల ముందే ఇంచొన్ ఆసియా క్రీడల బేస్‌బాల్ ఫైనల్లో కొరియా 6-3తో తైవాన్‌ని కొట్టి బంగారు పతకం గెలిచింది, దాంతో ఆ జట్టులో సర్వీస్ బాకీ ఉన్న కుర్రాళ్ళందరికీ మినహాయింపు వచ్చేసింది. "వాళ్ళు బంతి కొట్టి తప్పించుకున్నారు, నేనేమో 21 నెలలు ఆయిల్ మార్చాలి" అని ఒకటే గొణుగుడు.

మధ్యాహ్నం మెస్‌లో టీవీ దొరికింది. అప్పటికి ఓక్లండ్ 7, మేము 3, మొత్తం తొమ్మిదిలో ఎనిమిదో ఇన్నింగ్. సైనికుల కోసం నడిపే ఆ ఛానెల్లో మామూలు యాడ్‌లు రావు, సరిగ్గా టెన్షన్ పెరిగే చోట "మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి" లాంటి నీతిబోధలు వేస్తారు, వాటిని తయారుచేసినవాడు నాకెప్పుడైనా కనిపించాలి. మావాళ్ళు బేస్‌లు దొంగిలించి, దొంగిలించి (అంటే బంతి కొట్టకుండానే సందు చూసుకుని తర్వాతి బేస్‌కి పరిగెత్తి, మొత్తం ఏడు!) తొమ్మిదో ఇన్నింగ్‌లో 7-7 చేశారు, సమమైతే అదనపు ఇన్నింగ్‌లు ఆడతారు. ఇంతలో ఒంటిగంట ఫార్మేషన్, అంటే అందరూ వరుసలో నిలబడే హాజరు. మా సార్జెంట్ సెయింట్ లూయిస్ వాడు, 1985 వరల్డ్ సిరీస్‌లో (అంటే ఆఖరి ఫైనల్లో) వాళ్ళ జట్టు మా చేతిలో ఓడిన కసి వాడికింకా తీరలేదు. ఫోన్లు లాకర్లో పెట్టించి, నాతో టూల్‌బాక్స్‌లు లెక్కపెట్టించాడు. రెండుసార్లు.

మా కటూసా ఏదో కాగితం వంకతో టీవీ ఉన్న ఆఫీసుకి వెళ్ళొచ్చాడు. సార్జెంట్ ముందు నోరు విప్పే ధైర్యం లేక, దుమ్ము పట్టిన హంవీ అద్దం మీద వేలితో రాశాడు: 8-9. మా స్కోరు ముందు రాశాడనుకుని నా గుండె జారిపోయింది. ఇరవై నిమిషాలు స్పానర్లు లెక్కపెడుతూ, 29 ఏళ్ళు ఎదురుచూసింది దీనికోసమా అని లోలోపల ఏడ్చాను. చివరికి సార్జెంట్ బయటికి వెళ్ళాక వాడొచ్చి "ఏంటలా ఉన్నావ్, గెలిచారుగా" అన్నాడు. బయటి జట్టు స్కోరే కదా ముందు రాస్తారు! అది అమెరికాలోనూ అంతే, నాకే బుర్ర పనిచెయ్యలేదు. పన్నెండో ఇన్నింగ్‌లో సాల్వడార్ పెరెజ్ కొట్టిన ఆ దెబ్బని ఆ రాత్రి ఫోన్‌లో నలభైసార్లు చూసి ఉంటాను.

అందుకే చెప్తున్నా, సైనికుడికి బేస్‌బాల్‌ని మించిన ఆట లేదు. సీజన్‌కి 162 మ్యాచ్‌లు, ఇవాళ గార్డ్ డ్యూటీ పడితే రేపు ఇంకోటి ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చోళ్ళే పాపం, వారానికొక్క మ్యాచ్, అదీ కొరియాలో సోమవారం తెల్లవారుజామున రెండింటికి, నాలుగున్నరకి లేచి పరిగెత్తాల్సినవాడు ఏం చూస్తాడు? ఇంకో మాట, ప్రతి మే నెలలో ఈ బేస్‌బాల్ జట్లన్నీ మిలిటరీ రంగుల టోపీలు అమ్ముతాయి, అవి మాత్రం కొనకండి, ఆ రంగులు మీకు జీతమిచ్చి మరీ వేస్తారు.

2015లో రాయల్స్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు చూశానా అంటారా? అప్పటికి కాన్సాస్‌లోనే ఉన్న ఫోర్ట్ రైలీ స్థావరానికి మారాను, రాయల్స్ స్టేడియం రెండు గంటల దారి. ఆ రాత్రి ఫీల్డ్ ఎక్సర్‌సైజ్‌లో ఉన్నాను, సిగ్నల్ లేదు. పొద్దున్న మంచినీళ్ళ ట్యాంకర్ డ్రైవర్ చెప్పాడు.