అల్లుడూ, ఆ ఎర్ర థార్ కొనేముందు ఇది చదువు

అల్లుడూ,

నువ్వు కొంటానని వాట్సాప్‌లో పెట్టిన ఆ ఎర్ర మహీంద్రా థార్ జీపు ఫోటోలన్నీ చూశాను, బండి చూడ్డానికి అదిరింది కాదనను, కానీ అన్ని ఫోటోల్లో ఒక్కటైనా కింద నుంచి తీసింది ఉందా చూశావా? పైన లైట్ బార్, ముందు బుల్ బార్, లేపి వేసిన ఇంతింత లావు టైర్లు అన్నీ చూపించాడు, చాసిస్, అదే బండి కింది ఇనుప చట్రం, మాత్రం చూపించలేదు. సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్‌లో, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండిలో, మనం డబ్బు పెట్టేది కింద ఉన్నదానికే. బండికి ఎన్ని సోకులు చేసుంటే దానికి అంత దూరంగా ఉండు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న బండి, ఏ కాఫీ తోటాయనో రైతో వాడుకున్నది, గీతలు సొట్టలు ఉన్నా పర్లేదు, అది వెతుక్కో.

ఎందుకంటే పెద్ద టైర్లు వేశాక ఆ బరువంతా మొయ్యాల్సింది అదే పాత క్లచ్చు, అవే స్టీరింగ్ జాయింట్లు, అదే యాక్సిలు. పైగా చట్టం కూడా ఊరుకోదు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన దాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బుల్ బార్ల మీదైతే చర్య తీసుకోమని 2017 చివర్లోనే కేంద్రం రాష్ట్రాలకి లెటర్ రాసింది. పంజాబ్ వైపు తయారుచేసి పంపే ఆల్టర్ జీపులు ఉంటాయి చూడు, ఓపెన్ టాప్, లావు టైర్లు, పెళ్లి ఊరేగింపుకి బాగుంటాయి, ఆర్సీలో ఒక బండి ఉంటుంది రోడ్డు మీద ఇంకో బండి ఉంటుంది, వాటి జోలికి అసలు వెళ్లకు.

నీ 8 లక్షల బడ్జెట్‌కి రెండే దారులు. ఒకటి పాత థార్ సీఆర్‌డీఈ, 2010లో వచ్చింది, 2.5 లీటర్ డీజిల్, 2015 ఫేస్‌లిఫ్ట్ తర్వాతవాటిలో వెనక లాకింగ్ డిఫరెన్షియల్ కూడా ఉంటుంది, అంటే ఒక వెనక చక్రం జారినా రెండోది తిరుగుతుంది. రెండోది మారుతీ జిప్సీ, 1985 నుంచి 2019 దాకా వచ్చింది, 1.3 పెట్రోల్, తేలికైన బండి, బురదలో ఆ తేలికే దాని బలం, కాకపోతే పట్టీల సస్పెన్షన్ కాబట్టి నడుం విరుగుతుంది, మీ ఆవిడ ఒక్కసారి ఎక్కితే రెండోసారి ఎక్కదు. దాని తర్వాతి మారుతీ జిమ్నీ 2023లో వచ్చింది కాబట్టి నీ బడ్జెట్‌కి అందడం కష్టం. ఇక్కడ ఒక మోసం ఉంది జాగ్రత్త, థార్ అని ఉన్నవన్నీ ఫోర్ బై ఫోర్ కాదు. పాత వాటిలో డీఐ టూ వీల్ డ్రైవ్ ఉంది, కొత్త మోడల్లో 2023 జనవరి నుంచి వెనక చక్రాలు మాత్రమే తిరిగే బండి కూడా అమ్ముతున్నారు, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. గేర్ రాడ్డు పక్కన ఫోర్ బై ఫోర్ వేసే ఇంకో చిన్న రాడ్డు ఉందా లేదా అది ముందు చూడు, ఆ తర్వాతే మిగతా మాటలు.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లు, స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే దాని గుట్టు బయటపడుతుంది. ఒక పాత దుప్పటి పట్టుకెళ్లి కింద పడుకో, సిగ్గుపడకు. చాసిస్ పొడవునా టార్చ్ వేసి చూడు, ఎక్కడైనా వెల్డింగ్ అతుకు ఉందా, ఒక్కచోట మాత్రమే కొత్తగా నల్ల పెయింట్ కొట్టారా, కొడితే ఎందుకు కొట్టారు? మా వైజాగ్, కాకినాడ బళ్లైతే ఉప్పుగాలికి లోపల్నుంచి తుప్పు పట్టి ఉంటుంది, స్క్రూడ్రైవర్ వెనక్కి తిప్పి పిడితో కొట్టి చూస్తే గట్టి ఇనుము ఒక చప్పుడు చేస్తుంది, తిన్న ఇనుము బొదబొదమంటుంది. ముందు చక్రాల వైపు ఇంజన్ బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ చేత్తో పట్టుకుని మెలితిప్పు, టకటకా ఆడితే దాని చివర్ల జాయింట్లు, అవే క్రాసులు, పోయినట్టు, అది చిన్న ఖర్చే, బేరానికి పనికొస్తుంది. డిఫరెన్షియల్ ఆయిల్ బోల్టు మీ మెకానిక్‌తో విప్పించి చూడు, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు వెళ్లాయని అర్థం, అది చిన్న ఖర్చు కాదు. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పుమని పొగ కొట్టిందా, ఇక మాట్లాడకుండా టీ తాగి ఇంటికొచ్చెయ్.

నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి, ఒకటి కొత్తది మూడు పాతవి అయితే ఫోర్ బై ఫోర్ వేసినప్పుడు ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది ఆ భారం. తర్వాత మట్టి నేల మీదకి తీసుకెళ్లి 4హెచ్, అంటే మామూలు వేగంలో ఫోర్ బై ఫోర్, వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలించు, బండి బిగదీసినట్టు మొరాయిస్తే ముందు చక్రాలు పనిచేస్తున్నట్టే. 4ఎల్, అంటే తక్కువ వేగం ఎక్కువ బలం ఇచ్చే ఫోర్ బై ఫోర్, వేసి ఏ గట్టునో ఎక్కించు, గేర్ దానంతట అదే ఎగిరిపోతే వద్దు. తారురోడ్డు మీద మాత్రం 4హెచ్ వెయ్యకు, ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వీటికి మధ్యలో ఉండదు, లోపల బిగుసుకుపోయి గేర్ల పళ్లు నలుగుతాయి.

కాగితాల సంగతి నీకు నాకంటే బాగా తెలుసు, ఎంపరివాహన్ యాప్‌లో చూసుకో, చలాన్లు, ఫైనాన్స్ క్లియర్ అయిందా, చాసిస్ నంబర్ ఆర్సీతో కలుస్తోందా. ఢిల్లీ బండి చవగ్గా వస్తోందంటున్నావ్, పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద అక్కడ ఆంక్షలు మొదలైన దగ్గర్నుంచి అవి దక్షిణాదికి వచ్చిపడుతూనే ఉన్నాయి, కానీ ఎన్ఓసీ తెచ్చి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి ఆర్టీఏ చుట్టూ తిరిగేసరికి ఆ చవక అంతా ఆవిరైపోతుంది.

సరే కొన్నావనుకుందాం. కొన్న మర్నాడే నీళ్లలోకి దూకొద్దు. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి జీపులు తిప్పే కుర్రాళ్లని ఎప్పుడైనా గమనించావా, కాళ్లకి హవాయి చెప్పులు, బండికి రంగు వెలిసిపోయి ఉంటుంది, కానీ రాయి ఎక్కేటప్పుడు క్లచ్ మీద కాలుండదు, ఇంజన్ గురగురమంటూ ఒక్కో చక్రం ఒక్కో రాయి వెతుక్కుని ఎక్కుతుంది, లోపల కూర్చున్నవాళ్లు తుళ్లిపడుతుంటే వాడు మాత్రం తీరిగ్గా పక్కవాడితో మాట్లాడుతుంటాడు. నువ్వు నేర్చుకోవాల్సింది ఆ నెమ్మది. దిగేటప్పుడూ అంతే, 4ఎల్ మొదటి గేర్, క్లచ్ తొక్కకూడదు, బండిని ఇంజనే ఆపుతుంది. బొటనవేళ్లు స్టీరింగ్ లోపల పెట్టకు, రాయి తగిలి చక్రం విసురుగా తిరిగితే వేలు విరుగుతుంది.

మీ వైపు నల్లరేగడి ఎక్కువ కాబట్టి ఇది బాగా గుర్తుపెట్టుకో, ఎర్రమట్టి తడిసినా కాస్త పట్టు ఇస్తుంది, నల్లరేగడి తడిస్తే టైరు గాడులన్నీ నిండిపోయి బోడి టైరు అయిపోతుంది, ఫోర్ బై ఫోర్ ఉన్నా నాలుగు చక్రాలూ ఒకేసారి జారతాయి అంతే తేడా. వాన పడిన రెండ్రోజుల దాకా చేలగట్ల మీదకి వెళ్లకు. ఇసుకలో అయితే టైర్లలో గాలి 18, 20 పీఎస్‌ఐకి దింపు, బయటికొచ్చాక మళ్లీ కొట్టుకో, చిన్న కంప్రెసర్ ఆ లైట్ బార్ కంటే వెయ్యి రెట్లు నయం. వాగు దాటాలంటే ముందు నువ్వు దిగి నడువు, నీ మోకాలు దాటిన నీళ్లు, ప్రవాహం జోరు ఉన్న నీళ్లు వద్దు. మధ్యలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ కీ తిప్పకు, నీళ్లు సిలిండర్‌లోకి వెళ్లుంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, మామూలు ఇన్సూరెన్స్‌లో దానికి పైసా రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ విడిగా తీసుకోవాలి.

ఒక్కడివే వెళ్లకు, ఇంకో బండి ఉండాల్సిందే. తాడు కట్టేది చాసిస్‌కి ఉన్న టో హుక్కుకి మాత్రమే, బంపర్‌కి కాదు. లాగేటప్పుడు తాడు మీద తడిపిన గోనెసంచి వెయ్యి, తెగితే ఎగిరి రాకుండా ఉంటుంది, మనుషులందర్నీ తాడు పొడవు కంటే ఎక్కువ దూరం నిలబెట్టు. వీడియో తీసే నీ ఫ్రెండ్‌ని ఇంకా దూరం.

ఎక్కడ నేర్చుకోవాలంటే, తెలిసినవాళ్ల బీడు భూమి చూసుకో, ఓనర్‌ని అడిగి. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి బండి దించితే కేసు పెడతారు, బండి సీజ్ చేస్తారు. బీచ్ కూడా వద్దు, ఉప్పు సంగతి అలా ఉంచు, చలికాలం చివర్నుంచి తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. అమ్రాబాద్ పులుల అడవి మీదుగా శ్రీశైలం వెళ్లే రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, ఆ టైమ్‌కి చెక్‌పోస్ట్ దగ్గర గొడవ పెట్టుకోకు.

ఆ థార్ వాణ్ని కింద నుంచి నాలుగు ఫోటోలు తీసి పంపమను, పంపకపోతే వదిలెయ్. పంపితే నాకు ఫార్వర్డ్ చెయ్, బేరం నేను మాట్లాడతా. అమ్మకి ఇంకా చెప్పలేదని నాకు తెలుసు, అది మాత్రం నువ్వే చూసుకో.

మావయ్య