రేకుల గూట్లో రొప్పుతున్న కోళ్ళు: తడిపే ముందు గాలిని చూసుకోండి

కందుకూరు దగ్గర మీ ఇంటి వెనుక పెంచుతున్న పదిహేను నాటుకోళ్ళు పొద్దు నడినెత్తికి రాగానే రేకుల గూట్లో నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయనీ, బేసిన్ నిండా నీళ్ళు పెట్టినా ముట్టడం లేదనీ, గూటి చుట్టూ తడి గోనెపట్టాలు కట్టిన మరునాడే రెండు పెట్టలు చనిపోయాయనీ రాశారు. ఆ గోనెపట్టాల దగ్గరే నేనూ ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

మా సొంత ఊరు కనిగిరి వైపు మెట్ట ప్రాంతంలో ఉంది. రోహిణి కార్తెలో అక్కడ పడమటి గాలి నిప్పులు చెరుగుతుంది. మా అమ్మ తాటాకుల పందిరికి పడమటి వైపున గోనెపట్టా వేలాడదీసి గంటకొకసారి చెంబెడు నీళ్ళు చల్లేది. పొడిగాలి ఆ తడిలోంచి దూరి చల్లబడి లోపలికి వచ్చేది, కోళ్ళు దాని పక్కనే పడుకునేవి. ఉద్యోగరీత్యా సముద్రతీరానికి చేరువలోని సింగరాయకొండ దగ్గరికి వచ్చాక నేనూ అదే పద్ధతి పాటించాను. పైగా అతితెలివికి పోయి మూడు వైపులా పట్టాలు బిగించి కట్టాను. ఆ సాయంత్రం తడిక తీసేసరికి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ముఖానికి ఆవిరి కొట్టింది. లోపల నాలుగు కోళ్ళు చచ్చి పడి ఉన్నాయి.

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలకు పైన ఉంటుంది. ఆ వేడి కొంత తురాయి, తమ్మెలు, కాళ్ళ గుండా బయటికి పోతుంది, రెక్కలు దూరంగా పెట్టి నిలబడితే మరికొంత పోతుంది. గాలి వేడి ఒంటి వేడికి దగ్గరపడ్డాక దానికి మిగిలే దారి రొప్పడం ఒక్కటే, అంటే గొంతులోని తడిని ఆవిరిగా వదలడం. చుట్టూ ఉన్న గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆ ఆవిరి పోదు. కోడి ఎంత రొప్పినా చల్లబడదు సరికదా, రొప్పే శ్రమకు ఇంకా వేడెక్కుతుంది. కనిగిరిలో కోళ్ళను బతికించిన తడి సముద్రం ఒడ్డున చంపడానికి కారణం ఇదే. మీ కందుకూరు ఈ రెండింటికీ నడుమ ఉంది. అక్కడ ఒకరోజు పడమటి గాలి వీస్తుంది, మరొకరోజు మధ్యాహ్నానికల్లా ఉక్కపోత మొదలవుతుంది. అందుకని నేను ఒక చిన్న పరీక్ష అలవాటు చేసుకున్నాను. ఉదయం తొమ్మిది గంటలకు ఒక తువ్వాలు తడిపి, పిండి, నీడలో ఆరవేస్తాను. గంట తిరిగేసరికి ఆరిపోతే ఆ రోజు ఒక్క గాలివైపున మాత్రమే పట్టా తడుపుతాను. చెమ్మగానే ఉంటే పట్టాలన్నీ విప్పేసి, గాలి ఆడనిచ్చి, వీలైతే ఒక టేబుల్ ఫ్యాను పెడతాను.

ఇక నీళ్ళ విషయం. బేసిన్ ఎక్కడ పెట్టారో మీరు రాయలేదు గానీ, నిండుగా ఉన్నా ముట్టడం లేదంటే అది ఎండలో ఉందనో, రేకు కిందే కాగిపోయిందనో అనుకుంటాను. కాగిన నీళ్ళను కోడి దాహం వేసినా సరిగా తాగదు. ఈ విషయంలో ప్లాస్టిక్ బేసిన్ కంటే వెడల్పాటి మట్టి మూకుడు ఎంతో మేలు. దాన్ని సగం మట్టిలో పాతి, మధ్యాహ్నం కోళ్ళు చేరే చెట్టు నీడలోనే పెట్టండి. నాలుగడుగుల ఎండ దాటి వెళ్ళాల్సి వస్తే రొప్పుతున్న పెట్ట కదలదు. పుంజు మూకుడును కాపలా కాసి మిగతావాటిని దగ్గరికి రానివ్వదు కాబట్టి ఒకటి చాలదు, మూడు నాలుగు చోట్ల పెట్టాలి. మామూలు రోజుల్లో ఒక పెద్ద కోడి పావు లీటరు దాకా తాగుతుంది, మండే ఎండల్లో ఇది రెట్టింపు అవుతుంది. అంటే మీ పదిహేను కోళ్ళకు రోజుకు ఏడెనిమిది లీటర్లు కావాలి. ఉదయం ఒకసారి నింపి వదిలేయకుండా పదకొండుకు, ఒంటిగంటకు, మూడింటికి పారబోసి కుండలోని చల్లటి నీళ్ళు పోయండి. పిల్లలున్న చోట మూకుడులో గులకరాళ్ళు వేయాలి, లేకపోతే మునిగిపోతాయి.

ఓఆర్ఎస్ పొడిని నేను లీటరుకు సగం ప్యాకెట్ చొప్పున, అదీ ఎండ తీవ్రంగా ఉన్న పూట మాత్రమే కలిపి, సాయంత్రానికి పారబోసి మంచినీళ్ళు పెడతాను. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మాత్రం అసలు కలపవద్దు. కోడి ఉప్పును అంతగా తట్టుకోలేదు. అలాంటి చోట నిమ్మరసం నాలుగు చుక్కలు పిండితే చాలు, మన వైపు నిమ్మకాయలకు కరవు లేదు కదా.

రేకును ఈ వారంలోనే కప్పండి. పైన చిక్కటి సున్నం పూసి, దాని మీద తాటాకులో వరిగడ్డో జానెడు మందాన పరవండి. రేకులో మనం గమనించని కీడు ఒకటుంది. పొద్దు గుంకే వేళకు దాని కింద గూడంతా వేడెక్కి ఉంటుంది. కోళ్ళేమో అలవాటు కొద్దీ సందెవేళకే లోపలికి చేరతాయి. పగలంతా తట్టుకున్న కోడి రాత్రి చనిపోవడం నేను చూశాను. పిల్లికీ ముంగిసకూ భయపడి గూడు అన్ని వైపులా మూసేయకుండా రెండు వైపులా గట్టి ఇనుప జాలీ బిగించండి. పగటి పూట గంప కింద కోడిని మూసి ఉంచే అలవాటుంటే ఈ నెలన్నర మానుకోండి.

మేత విషయంలో ఒక్కటే జాగ్రత్త. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి జొన్నలైనా నూకలైనా తెల్లవారుజామున, మళ్ళీ చల్లబడ్డాక వేయండి. పది నుంచి నాలుగింటి దాకా గింజ వేయవద్దు. ఈ రోజుల్లో తోలుగుడ్లు వస్తే కంగారు పడకండి, విపరీతంగా రొప్పడం వల్ల పెంకు పలచబడుతుంది.

కోడి మెడ వాల్చి కూలబడితే నీడకు తెచ్చి, కాళ్ళు, తురాయి, రెక్కల కింది భాగం మామూలు నీళ్ళతో తడిపి, విసనకర్రతో విసరండి. ఐసు నీళ్ళు వద్దు. కంగారులో నోరు తెరిచి నీళ్ళు పోయవద్దు, అవి ఊపిరిగొట్టంలోకి పోయి కోడి అక్కడికక్కడే చనిపోవచ్చు. ముక్కును నీళ్ళకు తాకించండి, ఓపిక ఉంటే అదే తాగుతుంది. గుడ్లు పొదుగుతున్న పెట్టను మీరే రోజుకు రెండుసార్లు లేపి నీళ్ళ దగ్గర దించాలి, కొన్ని పెట్టలు దాహంతో అల్లాడుతున్నా గుడ్లు వదలవు.

చివరగా, చనిపోయిన పెట్టలు ఆకుపచ్చగా పారాయా, మెడ మెలి తిప్పాయా అన్నది గుర్తు చేసుకోండి. అలా జరిగి ఉంటే వడదెబ్బ కంటే కొక్కెర తెగులు (రాణిఖేత్) అనే అంటురోగాన్నే ముందుగా అనుమానించాలి. మిగిలినవాటిలో నలతగా ఉన్నవాటిని వేరుచేసి పశువుల ఆసుపత్రిలో అడగండి. టీకా వేయించాల్సి వస్తే తెల్లవారుజామునే, ఆరోగ్యంగా ఉన్న కోళ్ళకే వేయించండి. రొప్పుతున్న కోడిని మధ్యాహ్నం వెంటపడి పట్టుకుంటే ఆ ఆయాసానికే అది చనిపోవచ్చు.