కామెరన్ మీద నీ వ్యాసం చదివాను, తమ్ముడూ

తమ్ముడూ,

ఫోటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరన్ మీద నువ్వు రాసింది చదివాను. ఆవిడంటే నీకెంత ఇష్టమో తెలుస్తోంది, కానీ మొదటి పేజీ అంతా "మహా కళాకారిణి", "అద్భుత ప్రతిభ" అని నింపేశావు, ఆవిడ పొద్దున్న లేచి చేతుల్తో ఏం పని చేసేదో ఎక్కడా లేదు. 1815లో కలకత్తాలో పుట్టింది, 1879లో సిలోన్‌లో పోయింది, ఇది ఒక్క లైన్లో చెప్పేసి ముందుకెళ్ళిపో.

1863 డిసెంబర్లో కూతురూ అల్లుడూ కెమెరా కొనిచ్చేసరికి ఆవిడకి 48 ఏళ్ళు. ఇంగ్లండ్‌లో ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఇల్లు, బొగ్గుల కొట్టుని డార్క్‌రూమ్, అంటే ఫోటోలు కడిగే చీకటి గది, చేసుకుంది, అద్దాల కోళ్ళగూడుని స్టూడియో చేసుకుంది. ఫిల్మ్ లేని రోజులు కదా, గాజు పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి సిల్వర్ నైట్రేట్‌లో ముంచి ఆ తడి ఆరకముందే ఫోటో తీసి కడిగేయాలి, ఆరిందా పలక దండగే, పైగా ఆ సిల్వర్ నైట్రేట్ చేతికంటితే నల్లమచ్చ పడుతుంది, సబ్బుకి పోదు. ఆవిడ మొదటి ఫోటో ఆ ఊరి రైతుది, పలక మీద ఆవిడ చెయ్యే రాసుకుని బొమ్మ మొత్తం చెరిగిపోయింది, ఈ సంగతి తనే రాసింది. నువ్వేమో అది వదిలేసి ఆవిడ ఫోటో తీసిన పెద్దవాళ్ళంటూ కవి టెన్నిసన్, డార్విన్ అని పేర్లు వరసపెట్టావు. నాకు ఆ చెరిగిపోయిన రైతే ముఖ్యం. 1864 జనవరిలో ఆనీ అనే చిన్నపిల్ల ఫోటో కుదిరితే "నా మొదటి విజయం" అని రాసుకుంది, రైతుకీ ఆ పిల్లకీ మధ్య ఆవిడ పడ్డ పాట్లు రాయి.

శాస్త్రవేత్త జాన్ హెర్షెల్‌ని కూడా ఒక్క ముక్కలో తేల్చేశావు. ఫోటో చెరిగిపోకుండా నిలబెట్టే హైపో అనే రసాయనం గుణం కనిపెట్టినాయన ఆయనే, 1867లో ఆయన్నే కూర్చోబెట్టి, వెలుగు పడాలని జుట్టు కడిగించి మరీ ఫోటో తీసింది. హైపో అంటే ఏంటో మన విశాఖ వన్ టౌన్లో, జగదాంబ వైపు పాత స్టూడియోల్లో పనిచేసిన పెద్దాళ్ళనడుగు, నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ ఎలా చేసేవారో చూపించమను, పలక పట్టుకునే వేళ్ళ గురించి రాయడం అప్పుడొస్తుంది నీకు.

ఇంకోటి, ఆవిడ ఫోటోల్లో ఫోకస్ లేదన్న అప్పటి ఫోటోగ్రఫీ పత్రికల వాళ్ళని మూర్ఖులన్నావు. వద్దు. బ్లర్ ఉన్న మాట నిజమే కదా. తన కంటికి అందంగా కనిపించిన చోటే ఆగిపోయేదాన్ని, ఇంకా షార్ప్ కావాలని లెన్స్ తిప్పేదాన్ని కాదని ఆవిడ రాసింది, ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఊరుకో.

మేరీ హిల్లియర్ పేరే లేదేంటి? వాళ్ళింట్లో పనిచేసే అమ్మాయి, మేరీమాతగా చాలా ఫోటోల్లో కూర్చున్నది ఆమే, ఇంటిపనీ చేసి, నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవడం కూడా ఆమె పనే. ఆమెకి పెద్ద పేరా ఇవ్వు. మార్చాక వాట్సాప్‌లో పెట్టకు, ప్రింట్ తీసి పట్రా, ఆదివారం పొద్దున్న ఇంట్లోనే ఉంటా.