బైబిల్ నమ్మనివాళ్లతో వాదించేదెలా?

ప్రశ్న: టీవీలో చట్టాల మీద చర్చ జరుగుతుంటే పాస్టర్లు "దేవుడి మాట" అంటూ మాట్లాడతారు. నమ్మనివాళ్లకు ఆ మాటతో పనేముంది? మతాన్ని చర్చి దాకానే ఉంచితే పోదా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వాక్యం చదివేసి "ఇక మాట్లాడకండి" అంటే పనేమీ లేదండీ, అందులో మీతో పేచీ లేదు. కానీ అందరూ అలా వాదించరు. 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ జైల్లోంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన ఉత్తరమే చూడండి. ఈయన నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన పాస్టర్; జాతి వివక్ష మీద నిరసన చేసి జైలుకెళ్లాడు. ఆ ఊరున్న అలబామా రాష్ట్రంలోని ఎనిమిది మంది తెల్ల మతపెద్దలు (వాళ్లలో ఒక యూదు రబ్బీ కూడా ఉన్నాడు) "ఈ నిరసనలు తొందరపాటు, కోర్టుల్లో తేల్చుకోండి" అని పేపర్లో ప్రకటన ఇస్తే, ఆ పేపర్ అంచుల మీదే జవాబు మొదలుపెట్టాడు.

ఆ ఉత్తరంలో కింగ్ ఎదుర్కొన్న ప్రశ్న: కొన్ని చట్టాలు పాటించమంటూ కొన్నిటిని మీరడమేంటి? అసలు చిక్కు ఇదే. కింగ్ ముందు పాతకాలపు క్రైస్తవ పండితులు అగస్టీన్‌నీ, థామస్ అక్వినాస్‌నీ తెస్తాడు: దైవనీతికి, సహజ న్యాయానికి పొసగనిది అన్యాయపు చట్టం. అక్కడితో ఆగుంటే మీ అభ్యంతరం నిలబడేది. ఆగలేదు. ఎక్కువమంది తమకు వర్తించని చట్టాన్ని తక్కువమంది నెత్తిన రుద్దడం, అదీ నల్లవాళ్లను ఓటు వేయనివ్వకుండా ఎన్నికైన శాసనసభ చట్టాలు చేయడం ఏం న్యాయమని నిలదీస్తాడు. దీనికి నాస్తికుడైనా జవాబు చెప్పుకోవాల్సిందే. పైగా చట్టం మీరితే దాచుకోకుండా, జైలుకు సిద్ధపడే మీరాలంటాడు. నాకు బాగా నచ్చేది ఇదే.

ఇక చర్చి దాకానే ఉండమన్న మాట ఆయనకూ కొత్త కాదు. "ఇవి సామాజిక సమస్యలు, సువార్తకు సంబంధం లేదు" అన్న పాస్టర్లను అదే ఉత్తరంలో గట్టిగానే నిష్ఠూరమాడాడు.