గోదావరి డెల్టాలో గ్రామ వ్యవసాయ సహాయకులు డిజిటల్ పనికి ఎంతవరకు సిద్ధంగా ఉన్నారు?

ఫోన్, యాప్ వాడటంలో సిద్ధంగానే ఉన్నారు. దాని ఆధారంగా రైతుకు సరైన సలహా ఇవ్వడంలో ఇంకా తోడ్పాటు అవసరమని నా అభిప్రాయం. 2019లో గ్రామ సచివాలయాలతో పాటు వచ్చిన ఈ ఉద్యోగాలకు వ్యవసాయ డిగ్రీ లేదా డిప్లొమా అర్హతగా పెట్టారు కనుక, ఈ-పంట నమోదు (ఏ చేనులో ఏ పంట వేశారో ఆన్‌లైన్‌లో ఎక్కించడం), చేను ఫొటో తీయడం వంటివి వారికి కొత్త కావు.

అయితే వరిలో సుడిదోమ అనే పురుగు సంగతి చూడండి. అది ఆకుల మీద కాక దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది కాబట్టి, గట్టు మీద నుంచి తీసిన ఫొటోలో కనిపించదు. దుబ్బులు విడదీసి చూసి, నీరు తీసి చేను ఆరబెట్టమని, నత్రజని తగ్గించమని చెప్పగలిగినవారి చేతిలోనే ఫోన్ నిజంగా ఉపయోగపడుతుంది. ఈ అలవాటు యాప్ శిక్షణతో రాదు. మార్టేరు వరి పరిశోధన స్థానం శాస్త్రవేత్తలతో కలిసి పొలంలో తిరిగితే వస్తుంది.

మరో చిక్కు కౌలు. డెల్టాలో సాగు చేసేవారిలో కౌలు రైతులు చాలా ఎక్కువ; పంట భూయజమాని పేరున, ఆయన నంబరుతో నమోదైతే, తెగులు హెచ్చరిక ఆ చేనులో అడుగుపెట్టని మనిషికి చేరుతుంది. సాగుదారు నంబరును విడిగా నమోదు చేసే బాధ్యత సహాయకులకు స్పష్టంగా అప్పగించాలి.